రొట్టెకు మొక్కి తినాలె బిడ్డా!

పోయిన ఆదివారం పొద్దున మా ఇంట్లో చిన్న మాట పట్టింపు అయింది. హైదరాబాద్ హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి వేడి వేడి జొన్నరొట్టె విరుచుకుని, ఫోన్ చూసుకుంటూ తినేస్తోంది. మా అత్తమ్మ ఊరుకోలేదు.

"రొట్టెకు మొక్కకుండనే తింటున్నవా బిడ్డా?" అన్నది. ఆమె ఏ పూటా మొదటి ముక్క కళ్లకద్దుకోకుండా నోట్లో పెట్టదు.

మా అమ్మాయి నవ్వి, "ఎవరికి మొక్కాలె నానమ్మా? జొన్నలు మన చేన్ల పండినయి, రొట్టె అమ్మ చేసింది. నడుమ దేవుడేం చేసిండు?" అన్నది.

అత్తమ్మ ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఆ ప్రశ్న రెండు రోజులు మనసులో తిరుగుతూనే ఉంది. అది అడగకూడని ప్రశ్నేమీ కాదు కదండీ.

మా జహీరాబాద్‌లో తినేముందు ఏదో ఒకటి అనుకోని ఇల్లు తక్కువ. పక్కింటి ఖాలా "బిస్మిల్లా" అనకుండా నీళ్ల గ్లాసు కూడా ఎత్తదు. చర్చికి వెళ్లే టీచరమ్మ టిఫిన్ డబ్బా మూత తీసి ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటుంది. వైదికుల ఇళ్లలో మగవాళ్లు విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి ఔపోసన పడతారు. మా అత్తమ్మలాంటి వాళ్లకు మంత్రం లేదు, కళ్లకద్దుకోవడమే. కానీ ఈ ఒక్క విషయం మీద రెండు వేల ఏళ్లుగా వాదించుకుని, పుస్తకాలకు పుస్తకాలు రాసి పెట్టుకున్నవాళ్లు యూదులు. మన తెలుగు నేల మీద, గుంటూరు జిల్లాలో కూడా యూదులమని చెప్పుకునేవాళ్లు ఉన్నారని తెలిశాక, కూర్చుని కొంచెం చదివాను. అదే మీతో పంచుకుంటున్నాను.

తినేముందు, తాగేముందు చెప్పే చిన్న స్తుతిని యూదులు "బెరాఖా" అంటారు. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన మిష్నా అనే ధర్మసంగ్రహంలో మొట్టమొదటి భాగం పేరే "బెరాఖోత్", అంటే స్తుతులు. తర్వాతి పండితుల చర్చలన్నీ కలిపితే తాల్ముద్ అయింది. తిన్నాక దేవుణ్ణి స్తుతించమని వాళ్ల ధర్మశాస్త్రంలోనే, ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలో ఉంది. తినేముందు కూడా స్తుతించాలన్నది పండితులు పెట్టిన నియమం.

ఎందుకు పెట్టారంటే, ఈ లోకంలో ఉన్నదంతా దేవుడి సొత్తు. అడగకుండా తింటే గుడి సొమ్ము తిన్నట్టే అన్నారు. కీర్తనల్లో ఒకచోట భూమి దేవుడిదని, ఇంకోచోట భూమిని మనుషులకు ఇచ్చాడని ఉంటుంది. రెండూ ఎలా నిజమవుతాయని వాళ్లకే అనుమానం వచ్చింది. స్తుతి చెప్పకముందు అది దేవుడిది, చెప్పాక మనిషిది అని సమాధానం చెప్పుకున్నారు. మా అమ్మాయి అడిగినదానికి ఇదొక జవాబు. మొక్కడమంటే బతిమాలడం కాదన్నమాట. మనది కానిదాన్ని తీసుకునేముందు సొంతదారుకు ఒక మాట చెప్పడం.

అయితే అన్నిటికీ ఒకే మాట కుదరదట. చెట్టు మీద కాసిన పండుకు ఒకటి, నేలలో పండిన కూరగాయకు ఒకటి, ద్రాక్షసారాయానికి ఒకటి, రొట్టెకు ఒకటి, పిండివంటకు ఒకటి. ఇవేవీ కాని పాలు, గుడ్లు, మాంసం, నీళ్లలాంటి వాటికి "షెహకోల్" అనే స్తుతి. అంతా ఆయన మాటతోనే కలిగిందని దాని భావం. నీళ్లకైతే దాహం వేసి తాగినప్పుడే చెప్పాలి. భోజనం మొదట్లో రొట్టెకు చెబితే పళ్లెంలో ఉన్న కూరలకు మళ్లీ విడిగా చెప్పనక్కర్లేదు.

చదువుతుంటే నాకు మన వంటిల్లే కనిపించింది. అరటిపండు చెట్టు పండా కాదా? గెల వేశాక ఆ బోదె చచ్చిపోతుంది, మళ్లీ పిలక రావాల్సిందే. కాబట్టి అది చెట్టు కాదు, అరటిపండుకు నేల పంట స్తుతే చెప్పాలన్నారు. ఇక మన జహీరాబాద్ వాళ్లం చెరుకు గురించి అడగకుండా ఉంటామా! పన్నెండో శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న మైమోనిడీస్ గొప్ప వైద్యుడు, ధర్మశాస్త్ర పండితుడు. చెరుకు రసాన్ని కాచి గడ్డకట్టిస్తే వచ్చేదానికి ఏ స్తుతి చెప్పాలని ఆయన కాలంలోనూ వాదన ఉంది. ముందటి పండితులు నేల పంట అన్నారు, కొందరు చెట్టు పండు అన్నారు. మైమోనిడీస్ మాత్రం అసలు చెరుకు పండే కాదు, షెహకోల్ చాలని తేల్చాడు.

నాకు కష్టం కలిగింది రొట్టె దగ్గర. వాళ్ల లెక్కలో రొట్టె అంటే అయిదు ధాన్యాలతో చేసినదే. గోధుమ, బార్లీ, వాటి జాతివే ఇంకో మూడు. వరి అందులో లేకపోయినా ఉడికిన అన్నానికి పిండివంట స్తుతి దక్కింది. చిరుధాన్యాల రొట్టెకు అదీ లేదు. 1565లో అచ్చయిన "షుల్హాన్ అరూఖ్" అనే ధర్మగ్రంథం దానికి షెహకోల్ చెప్పమంది. అంటే మా అత్తమ్మ డెబ్బై ఏళ్లుగా కళ్లకద్దుకుంటున్న జొన్నరొట్టె, ఆ లెక్కన రొట్టే కాదు! ఏ ఊరి పండితులు ఆ ఊరి పంటను చూసి రాస్తారు, అంతేలెండి.

ఇప్పుడు గుంటూరు సంగతి. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో "బెనె ఎఫ్రాయిము", అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకునే కొన్ని మాదిగ కుటుంబాలు ఉన్నాయి. అంతకుముందు వీళ్లు క్రైస్తవులు. యాకోబి సోదరులు ముందు నిలబడగా 1980ల చివర్లో యూదు మతం వైపు తిరిగారు. 1991లో ఊళ్లో సినగాగు పెట్టుకున్నారు. హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు, శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తారు. వీళ్లలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. శనివారం పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ల మీద రాసిన పుస్తకం 2013లో వచ్చింది. మణిపూర్, మిజోరం యూదులకు 2005లో ఇజ్రాయెల్ మతపెద్దల నుంచి వచ్చిన గుర్తింపు వీళ్లకు రాలేదు.

వీళ్ల పూర్వీకులు నిజంగా ఎక్కడివారో తేల్చే చదువు నాకు లేదు. నేను ఆలోచించింది వేరే. వాళ్లు ముట్టుకుంటే అన్నం మైలపడిందని పారబోసిన ఊళ్లు మనవి. నీళ్లు దోసిట్లో ఎత్తి పోసిన ఊళ్లు మనవి. పొలంలో వరి నాటింది వాళ్లు, కోసింది వాళ్లు, తినేటప్పుడు మాత్రం దూరంగా కూర్చోవలసినదీ వాళ్లే. అలాంటి ఇంటివాళ్లు పళ్లెం ముందు కూర్చుని, ఇది నేరుగా దేవుడి చేతినుంచి నాకు వచ్చిందని చెప్పుకోవడం మామూలు మాట కాదనిపించింది. మధ్యలో ఏ దొరా లేడు.

ఆడవాళ్ల సంగతి ఏమిటని వెతికితే, దానికీ చర్చ ఉంది. తిన్న తర్వాతి స్తుతి ఆడవాళ్లూ చెప్పాల్సిందేనని మిష్నా అంటుంది. కానీ తాల్ముద్‌లో ఒక పండితుడు ఇంకో పండితుణ్ణి అడుగుతాడు. ఆడవాళ్లకు ఈ విధి ధర్మశాస్త్రం వల్ల వచ్చిందా, పండితుల నియమం వల్ల వచ్చిందా అని. అనుమానం ఎందుకంటే, పదకొండో శతాబ్దపు వ్యాఖ్యాత రాషి చెప్పిన కారణం ఇది. ఆ స్తుతి దేవుడిచ్చిన మంచి నేల కోసం చెప్పేది. నేల పంచినప్పుడు ఆడవాళ్లకు వాటా రాలేదు కదా!

అది చదివి పుస్తకం మూసేశాను. తర్వాత మళ్లీ తెరిచాను. భోజనం అయ్యాక పిల్లలు చెప్పే స్తుతిలో ఈ ఇంటి యజమాని అయిన నాన్నతోపాటు, ఈ ఇంటి యజమానురాలు అయిన అమ్మను కూడా దీవించమని ఉందట. అది కొంచెం ఊరటనిచ్చింది. కానీ నేల మాట మాత్రం మనసులోంచి పోలేదు.

మా అత్తమ్మ నలభై ఏళ్లు చేనులో కలుపు తీసింది, జొన్న కంకులు కోసింది. పట్టాదారు పాసు పుస్తకంలో మామయ్య పేరు ఉండేది. ఆయన పోయాక మా ఆయన పేరు వచ్చింది. మధ్యలో అత్తమ్మను ఎవరూ ఒక మాట అడగలేదు. కోడల్ని, నేనూ అడగలేదు. మాకు దగ్గర్లోనే పస్తాపూర్ ఉంది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చదువురాని దళిత ఆడవాళ్లు కలిసి భూములు కౌలుకు తీసుకుని, బీళ్లు బాగుచేసి, జొన్నలు, కొర్రలు పండించారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పేపర్లో చూసి మురిసిపోయాను కానీ, మా ఇంటి పాసు పుస్తకం గుర్తు రాలేదు.

మొన్న రాత్రి ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అత్తమ్మ దగ్గరికి వెళ్లి, "నానమ్మా, చేను నీ పేరు మీద ఎంతుంది?" అని అడిగింది.

"నా పేరు మీద ఎందుకుంటది బిడ్డా? రొట్టె అయితే వస్తున్నది గద," అన్నది అత్తమ్మ.

మర్నాడు పొద్దున రొట్టె విరిచి, మా అమ్మాయి ముందు నానమ్మ చేతిని కళ్లకద్దుకుంది, తర్వాత తిన్నది. అత్తమ్మ సిగ్గుపడి చెయ్యి లాక్కుంది. నేను మా ఆయనతో పాసు పుస్తకం మాట మొదలుపెట్టాను. "చూద్దాంలే" అన్నాడు. ఆ మాటకు అర్థం మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా వదలను.

మీ ఇంట్లో తినేముందు ఏమంటారు? ఆ పండిన నేల ఎవరి పేరు మీద ఉంది? వీలైతే రాయండి.