పానిక్ డిజార్డర్, స్కిజోఫ్రీనియాల కలయిక

పానిక్ డిజార్డర్, స్కిజోఫ్రీనియా రెండు వేర్వేరు మానసిక రుగ్మతలు. అయితే రెండింటి లక్షణాలు ఒకే వ్యక్తిలో కలిసి కనిపించటం అరుదు కాదు. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో సుమారు 15 శాతం మందికి పానిక్ డిజార్డర్ కూడా ఉంటుందని 2009లో ప్రచురితమైన ఒక సమీక్ష అంచనా వేసింది.

లక్షణాలు, భేదాలు

పానిక్ దాడి హఠాత్తుగా మొదలై కొద్ది నిమిషాలలో తారస్థాయికి చేరుతుంది. గుండెదడ, ఊపిరాడకపోవటం, చెమటలు, చచ్చిపోతానన్న లేదా పిచ్చెక్కుతుందన్న భయం దీని లక్షణాలు. స్కిజోఫ్రీనియాలో భ్రమలు, లేని మాటలు వినపడటం, ఆలోచనల పొందిక చెదరటం ప్రధానమైనవి. పానిక్ రోగికి దాడి తగ్గిన తరువాత అది భయమేనని సాధారణంగా తెలుస్తుంది. భ్రమలో ఉన్నవారికి అటువంటి ఎరుక తరచు ఉండదు.

పొరపాటుకు కారణాలు

వినిపించే మాటల వల్ల, ఎవరో వెంటాడుతున్నారన్న నమ్మకం వల్ల కలిగే భయం పానిక్ దాడిలాగే ఉండవచ్చును. దాడి సమయంలో పరిసరాలు అవాస్తవంగా తోచటం స్కిజోఫ్రీనియాగా పొరబడటానికి అవకాశమిస్తుంది. హాలోపెరిడాల్ వంటి మందుల వలన నిలకడగా కూర్చోలేని అకథీసియా కలుగుతుంది. దీనిని ఆందోళనగా భావించి మందు మోతాదు పెంచితే బాధ మరింత పెరుగుతుంది.

చరిత్ర

స్కిజోఫ్రీనియా అన్న పేరును స్విట్జర్లాండు వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 1908లో ప్రవేశపెట్టాడు. 1960లలో అమెరికా వైద్యుడు డొనాల్డ్ క్లైన్, ఇమిప్రమిన్ మందుతో పానిక్ దాడులు తగ్గటాన్ని గమనించాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ మూడవ కూర్పులో పానిక్ డిజార్డర్‌కు ప్రత్యేక స్థానం లభించింది. 2013 నాటి ఐదవ కూర్పు ప్రకారం, ఏ మానసిక రుగ్మతతోనైనా పానిక్ దాడులు ఉన్నట్లు అదనంగా నమోదు చేయవచ్చును.

చికిత్స

మానసిక వైద్యుని పర్యవేక్షణలో రెండింటికీ చికిత్స జరగాలి. స్కిజోఫ్రీనియాకు యాంటీసైకోటిక్ మందులు, పానిక్‌కు ఎస్ఎస్ఆర్ఐ మందులు, ఆలోచనా-ప్రవర్తనా చికిత్స వాడుతారు. ఫ్లూవోక్సమిన్‌ను క్లోజపిన్‌తో కలిపితే రక్తంలో క్లోజపిన్ మోతాదు బాగా పెరుగుతుంది గనుక జాగ్రత్త అవసరం. మందులు సొంతంగా మానరాదు.

హిందూపురం ప్రాంతంలో

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. మూడూ గుంతకల్లు - బెంగళూరు రైలుమార్గంలో ఉండటం వలన బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థకు రైలులో వెళ్ళవచ్చును. 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ దేశంలోని ప్రముఖ మానసిక వైద్య సంస్థలలో ఒకటి. గుండెదడను గుండెజబ్బుగా, వినిపించే మాటలను గాలి సోకటంగా భావించటం పల్లెలలో కద్దు. అందువలన చికిత్స ఆలస్యమవుతుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో కూడా పొందవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవలు పొందే హక్కును ప్రతి వ్యక్తికీ కల్పించింది.