రామగుండం దిగువన గోదావరి ఒండ్రు: సహజ రేడియోధార్మికత ఎంత, బూడిద వాటా ఎంత?

పెద్దపల్లి జిల్లాలో బొగ్గు బూడిదకు కొదువ లేదు. రామగుండంలో 62.5 మెగావాట్ల బీ థర్మల్ విద్యుత్ కేంద్రం 1971లో మొదలైంది. ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో వచ్చింది, తర్వాత ఆ కేంద్రం 2,600 మెగావాట్లకు పెరిగింది. ఈమధ్యనే 800 మెగావాట్ల యూనిట్లు మరో రెండు చేరాయి. బొగ్గులో లేశమాత్రంగా ఉండే యురేనియం, థోరియం మండిపోవు, బూడిదలో మిగులుతాయి. ఆ బూడిద గాలికో వానకో నదిలోకి చేరితే ఒండ్రులో దాని జాడ ఉండాలి. ఆ జాడ దొరకడం కొలిచే పరికరం సత్తువ కన్నా మనం దేనితో పోలుస్తున్నామన్న దానిమీదే ఎక్కువ ఆధారపడుతుందని ఈ వ్యాసం వాదన.

నమూనాలో వచ్చిన అంకెను ప్రపంచ సగటు పక్కన పెట్టి, ఎక్కువ ఉంటే కాలుష్యమనీ తక్కువ ఉంటే భయం లేదనీ తేల్చడం చాలాచోట్ల కనిపించే పద్ధతి. ఐక్యరాజ్యసమితి అణు వికిరణ శాస్త్రీయ సంఘం 2000 నివేదిక ప్రకారం నేలలో మధ్యస్థ విలువలు కిలోకు యురేనియం-238 35 బెకరెళ్లు, థోరియం-232 30, పొటాషియం-40 400. గోదావరికి ఈ కొలబద్ద సరిపోదు. నది మహారాష్ట్ర నుంచి మోసుకొచ్చే నల్లని ఒండ్రు దక్కన్ బసాల్టుది. ఆ రాయిలో యురేనియం, థోరియం బహు తక్కువ. మంథని దాటాక కలిసే మానేరు తెచ్చేది కరీంనగర్ ప్రాంతపు గ్రానైట్, నైస్ శిలల ఇసుక. నది ఒడ్డు పొడవునా ఉన్నవి గోండ్వానా ఇసుకరాళ్లు. సాధారణ గ్రానైట్‌లో పది లక్షల పాళ్లకు 4 పాళ్ల యురేనియం, 17 పాళ్ల థోరియం ఉంటాయనుకుంటే, కిలోకు దాదాపు 50, 70 బెకరెళ్లు అవుతాయి. అంటే ఏ కర్మాగారపు పొగా సోకని ఇసుకలోనూ థోరియం ప్రపంచ మధ్యస్థానికి రెట్టింపు దాటవచ్చు.

బూడిద లెక్క కూడా ఇలాంటిదే. 1978లో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలకు చెందిన మెక్‌బ్రైడ్ బృందం బొగ్గు కేంద్రాల రేడియోధార్మిక విడుదలలను అణు కేంద్రాల విడుదలలతో పోల్చి, అవి తక్కువేమీ కావని తేల్చింది. అప్పటి నుంచి బూడిద పేరు చెబితేనే జనం ఉలిక్కిపడుతున్నారు. కానీ బొగ్గులో బూడిద పది శాతమైతే మూలకాలు సుమారు పది రెట్లు చిక్కబడతాయి, నలభై శాతమైతే రెండున్నర రెట్లే. మన బొగ్గుకు నాసిరకమని పేరు తెచ్చిన ఆ అధిక బూడిదే ఇక్కడ మేలు చేస్తోంది! కిలోకు 100 బెకరెళ్ల రేడియం (యురేనియం నుంచి పుట్టేది) ఉన్న బూడిద ఒండ్రులో పది శాతం కలిసిందనుకుందాం. 50 ఉన్న గ్రానైట్ ఇసుక 55కు చేరుతుంది. పక్కపక్క ఇసుక మేటల మధ్య సహజంగా ఉండే తేడాలోనే ఆ పెంపు కలిసిపోతుంది. అదే బూడిద 15 ఉన్న బసాల్టు ఒండ్రులో కలిస్తే అంకె 23.5 అవుతుంది, సగానికి పైగా పెరుగుదల. కలిసిన బూడిద ఒక్కటే, కనిపించే కాలుష్యం మాత్రం వేరు.

రేణువు పరిమాణం మరో చిక్కు తెస్తుంది. బంకమట్టి మూలకాలను పట్టుకుంటుంది, ముతక ఇసుక పట్టుకోదు. మోనజైట్ వంటి బరువైన ఖనిజాలను నీరు ఒకచోట పోగేస్తుంది. భీమిలి తీరంలో నల్లని ఇసుక చారల్లో థోరియం ఎక్కువ ఉండేది అందుకే, అక్కడ ఎవరూ ఏదీ పారబోయలేదు. కాబట్టి ఒకే జల్లెడ దాటిన రేణువులనే పోల్చాలి.

అన్నిటికన్నా నమ్మదగిన పోలిక అదే చోటి పాత పొర. దాని వయసు చెప్పడానికి సీజియం-137 పనికొస్తుంది. ప్రకృతిలో లేని ఈ ఐసోటోపు అణ్వస్త్ర పరీక్షల వల్ల ప్రపంచమంతటా రాలింది. 1963 ప్రాంతంలో అది గరిష్ఠానికి చేరింది. దాని అర్ధాయువు 30 ఏళ్లు గనుక జాడ ఇంకా మిగిలే ఉంది. నిశ్చలంగా పేరుకున్న మట్టిలో ఆ గరిష్ఠం కింది పొరలు రామగుండంలో ఈ కేంద్రాలు రాక ముందువి. అయితే అలాంటి మట్టి ఎక్కడ దొరుకుతుంది? చెరువుల అడుగున ఉండాలి. కానీ 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. రైతుకు లాభమే గానీ, పొరల చరిత్ర ఆ ట్రాక్టర్లలోనే పోయింది. మానేరులో ఇసుక తవ్వకం మిగతాది చెదరగొట్టింది. పూడిక తీయని చెరువును వెతికి పట్టుకోవడం ప్రయోగశాల పనికన్నా కష్టం కావచ్చు.

ప్రయోగశాలలో జాగ్రత్తలు తెలిసినవే. రేడియం నుంచి పుట్టే రేడాన్ వాయువు తప్పించుకోకుండా నమూనాను నాలుగు వారాలు మూసి ఉంచాలి. రేడియం-226 గామా గీత (186 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు) యురేనియం-235 గీతతో కలిసిపోతుంది గనుక, రేడాన్ తర్వాత వచ్చే బిస్మత్-214 గీత (609) చూడాలి. 1968లో విశ్లేషణ రసాయన శాస్త్రవేత్త కరీ (Currie) సూచించిన సూత్రంతో, ఖాళీ డబ్బాను లెక్కించి, గుర్తింపు పరిమితిని ప్రకటించాలి.

వీటితో పాటు బూడిదకే చెందిన గుర్తులు కావాలి. కొలిమి వేడికి ఆవిరైన సీసం-210 సన్నని బూడిద రేణువుల మీద తిరిగి పేరుకుంటుంది. కానీ వాన కూడా సీసం-210ని తెస్తుంది, కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు. సూక్ష్మదర్శినిలో గాజు గోళాలు కనిపించి, వాటితో పాటే రేడియం పెరిగితే అప్పుడు బూడిద అనవచ్చు. అవతలి ఒడ్డున జైపూర్‌లో సింగరేణి విద్యుత్ కేంద్రం ఉంది గనుక, ఆ బూడిద ఎవరిదన్నది మళ్లీ వేరే ప్రశ్న.

శిల మూలం, రేణువు పరిమాణం, పొర వయసు, గుర్తింపు పరిమితి చెప్పని కొలతను గోదావరి కలుషితమైందనడానికి రుజువుగా ఒప్పుకోకూడదు, కాలేదనడానికీ ఒప్పుకోకూడదు.