పడవలోని జీవ చేపల తొట్టి: నీటి గొట్టాల అమరిక, లోపాలు, మరమ్మతు

సముద్రంలో పట్టిన తల్లి రొయ్య ఒడ్డుకు ప్రాణాలతో చేరినప్పుడే హేచరీ దానిని కొనుగోలు చేస్తుంది. దారిలో చనిపోయినచో అది మామూలు రొయ్యగానే తూకానికి పోతుంది. ఈ రెండు ధరల మధ్య గల వ్యత్యాసం అనేక సందర్భాలలో పడవలోని ఒక చిన్న పంపు, నాలుగు గజాల గొట్టంపై ఆధారపడి ఉంటుంది.

టైగర్ రొయ్యల సాగు విస్తరించిన 1990వ దశకం నుంచి విశాఖపట్నం, కాకినాడ తీరాలలో తల్లి రొయ్యలను తెచ్చే మరపడవలు నీటి తొట్లను అమర్చుకొన్నవి. 2009లో వనామీ రకానికి అనుమతి లభించిన తరువాత సముద్రపు తల్లి రొయ్యల అవసరం తగ్గినది. అయినను పీతలను, చేపలను ప్రాణాలతో తేదలచిన పడవలకు తొట్టి నేటికీ అవసరమే.

కొరమీను నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కనుక డ్రమ్ములో కొంతసేపు నీరు మారకున్నా తట్టుకొంటుంది. రొయ్యకు ఆ వెసులుబాటు లేదు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు సముద్రపు నీటిలో కరగగల ప్రాణవాయువు 6 మిల్లీగ్రాములకు కొంచెం పైన మాత్రమే. నీరు వేడెక్కిన కొలదీ అది ఇంకా తగ్గుతుంది, రొయ్యకు కావలసినది మాత్రం పెరుగుతుంది. అందువలననే మండు వేసవిలో పంపు ఆగితే నష్టం త్వరగా జరుగుతుంది.

నీటి దారి

పడవ అడుగున నీటి మట్టానికి దిగువన ఒక రంధ్రం, దానికి బిగించిన బిళ్ల, దానిపై పావు చుట్టుతో మూసుకొనే వాల్వు, ఆపై జల్లెడ, పంపు, గొట్టం, తొట్టిలో చిమ్ము మూతి: నీరు లోపలికి వచ్చే దారి ఇది. తొట్టి పైభాగాన పొంగు గొట్టం, అడుగున ఖాళీ చేసే గొట్టం ఉంటాయి. తొట్టి నీటినే తిరిగి తొట్టిలోకి చిమ్మే రెండవ పంపు ఉండుట మేలు. నౌకాశ్రయంలో నూనె తేలే నీటిని, గోదావరి మొగల వద్ద ఉప్పు తగ్గిన నీటిని తొట్టిలోకి రానీయరాదు. అక్కడ సముద్రపు వాల్వు మూసి, ఉన్న నీటినే తిప్పుకోవలసి ఉంటుంది.

పొంగు గొట్టం లోపలికి వచ్చే గొట్టం కంటే లావుగా ఉండవలెను. పంపు నీటిని తోస్తుంది, పొంగు నీరు తన బరువుతోనే జారిపోవలసి ఉంటుంది. ముప్పావు అంగుళం గొట్టంతో నింపే తొట్టికి ఒకటిన్నర అంగుళం పొంగు గొట్టం ఉండుట మంచిది. దాని మూతికి కట్టిన జల్లెడను రొయ్య విడిచిన కుబుసం, విరిగిన కాళ్లు తరచుగా మూసివేస్తాయి. అప్పుడు నీరు పొంగి పడవ అడుగుకు చేరుతుంది.

నీరు రానప్పుడు

మోటారు శబ్దం వినవస్తూ నీరు రాకపోతే పంపు చెడినదని భావించి కొత్తది కొనుట సర్వసాధారణం. వాస్తవానికి ఎక్కువ సందర్భాలలో కారణం గొట్టంలో చిక్కిన గాలి. ఈ పంపులు నీటిని విసరగలవే గాని గాలిని పీల్చివేయలేవు. పడవను ఒడ్డుకు లాగి తిరిగి దించినప్పుడు, పెద్ద అలపై అడుగు భాగం పైకి లేచినప్పుడు గాలి చేరుతుంది. మోటారును ఆపి, పంపు నుంచి వెళ్లే గొట్టాన్ని వదులు చేసి నీరు కనబడే వరకు గాలిని వదలవలెను. ముందు వైపు నోరు తెరచిన బిళ్ల అయితే పడవను నెమ్మదిగా ముందుకు నడిపినను నీరు లోనికి తోసుకువస్తుంది. గొట్టంలో పైకి లేచి కిందికి దిగే వంపు ఉన్నచో గాలి మళ్లీ అక్కడే నిలుస్తుంది. పంపు నుంచి తొట్టి వరకు గొట్టం క్రమంగా ఎక్కుతూ పోవుటే శాశ్వత పరిష్కారం.

నీరు సన్నగా వస్తున్నచో వాల్వు మూసి జల్లెడను చూడవలెను. పాచి, గుల్లలు, ప్లాస్టిక్ సంచి ముక్కలు అందులో చిక్కుకొంటాయి. కొత్తగా బిగించిన పంపు సన్నగా పోస్తున్నచో తీగలు తారుమారైనవేమో పరిశీలించవలెను. బ్యాటరీతో నడిచే మోటారు అప్పుడు వెనుకకు తిరుగుతుంది, నీరు వచ్చినట్లే ఉండి బలం ఉండదు. మోటారు అసలు తిరగకపోతే ఫ్యూజు, తీగ అతుకులు చూడవలెను. ఉప్పు గాలికి రాగి తీగ పచ్చబారి విద్యుత్తును అడ్డుకొంటుంది. ఫ్యూజు పదే పదే పోతున్నచో పంపు రెక్కలో ఏదో చిక్కినదని గ్రహించవలెను. పెద్ద ఫ్యూజు వేయుట మరమ్మతు కాదు, పడవకు నిప్పు పెట్టుకొనుట.

పంపు పెట్టెపై వ్రాసిన సామర్థ్యం నీటిని ఎత్తవలసిన పని లేనప్పటి లెక్క. అసలు లెక్కకు బకెట్టు, గడియారం చాలు. 10 లీటర్ల బకెట్టు 30 సెకన్లలో నిండితే గంటకు 1,200 లీటర్లు, అనగా 300 లీటర్ల తొట్టిలో గంటకు నాలుగుసార్లు నింపగల నీరు. బాగా పని చేస్తున్ననాడే ఈ అంకెను వ్రాసి ఉంచుకొన్నచో తరువాత లోపం వెంటనే తెలుస్తుంది.

పడవ భద్రత

తొట్టి అమరికలో రొయ్య ప్రాణం కంటే విలువైనది పడవలోని కళాసీల ప్రాణం. నీటి మట్టానికి ఒక అడుగు దిగువన ఉన్న అంగుళం గొట్టం ఊడిపోతే నిమిషానికి దాదాపు 40 లీటర్ల సముద్రపు నీరు పడవలోకి వస్తుంది. ఒక గంటలో అది రెండు టన్నులు దాటుతుంది. రాత్రి వేళ అందరూ నిద్రలో ఉన్నప్పుడు ఇది జరిగితే గమనించేసరికి ఇంజను మునిగి ఉంటుంది. కనుక నీటి మట్టానికి దిగువన ఉన్న ప్రతి అతుకుకు తుప్పు పట్టని ఉక్కు క్లాంపులు రెండేసి బిగించవలెను. వాల్వు పిడి చేతికి అందే చోట ఉండవలెను. పడవను లంగరు వేసి విడిచినప్పుడు వాల్వును మూసివేయవలెను. నెలకొకసారైనా దానిని తిప్పకపోతే బిగుసుకుపోయి అవసరమైన రోజున కదలదు.

తొట్టి సగం నిండి ఉండుట కూడా ప్రమాదమే. 300 లీటర్ల సముద్రపు నీరు 300 కిలోలకు పైగా తూగుతుంది. అందులో సగం అటూఇటూ పొర్లితే పడవ ఒరిగిన వైపే మరింత ఒరుగుతుంది. తొట్టిని నిండుగా గాని, పూర్తిగా ఖాళీగా గాని ఉంచవలెను.

సామగ్రి ఎంపికలో రెండు జాగ్రత్తలు అవసరం. రాగి రొయ్యకు, పీతకు విషం. నీటిని తిప్పి వాడే తొట్టిలో ఇత్తడి, రాగి అమరికలకు బదులు ప్లాస్టిక్, నైలాన్ అమరికలు వాడవలెను. స్నానాల గదులకు వాడే సిలికాన్ జిగురులో బూజు నిరోధక మందు కలిసి ఉంటుంది, తొట్టి లోపల అది పనికిరాదు. అడుగు బిళ్ల చుట్టూ నీటి మట్టం దిగువన వాడుటకు ఉద్దేశించిన పాలీయురేథేన్ జిగురునే వేసి, పూర్తిగా ఆరిన తరువాత పడవను దించవలెను.

అడుగు బిళ్ల, వాల్వుల మార్పిడి పడవ ఒడ్డుపై ఉన్నప్పుడే చేయవలసిన పని. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధ కాలం ఇందుకు అనువైనది. పడవను దించిన తరువాత వాల్వు తెరచి, పంపును నడపకుండా ఒక గంటసేపు ప్రతి అతుకును పొడి గుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డకు తడి తగలకపోతేనే పంపును నడిపి తొట్టిని నింపవలెను.