మెస్సీనా రేవు: రైలు ఓడెక్కే చోటు

రోమ్ నుంచి సిసిలీకి రైల్లో వెళ్తే మధ్యలో సముద్రం అడ్డొస్తుంది. రైలుని ముక్కలుగా విడదీసి, పట్టాలున్న ఓడలోకి నెట్టి, అవతల మెస్సీనాలో దింపి మళ్ళీ కలుపుతారు. జలసంధి బాగా ఇరుకైన చోట వెడల్పు సుమారు 3 కిలోమీటర్లే. ఈ పద్ధతి మొదలై నూరేళ్ళు దాటింది.

1908 డిసెంబరు 28న వచ్చిన భూకంపం, ఆ వెంటే సునామీ, మెస్సీనాని నేలమట్టం చేశాయి. ఇప్పుడున్న స్టేషన్ భవనాలు 1930ల చివర్లో కట్టినవి. వాస్తుశిల్పి ఆంజొలో మత్సోనీ (1894–1979). ఊరికి ఒక స్టేషన్, ఓడలకి ఒక స్టేషన్. రెంటినీ కలుపుతూ పొడవాటి వంపు భవనం. ఆ వంపు సొగసు కోసం పెట్టింది కాదు, రేవువైపు తిరిగే పట్టాలదే.

హేతువాదం అనగానే మనకి దేవుడి గురించిన చర్చ గుర్తొస్తుంది. వాస్తుశిల్పంలో దాని అర్థం వేరు. 1926లో మిలాన్‌లో ‘గ్రుప్పో 7’ అని ఏడుగురు కుర్రాళ్ళు, కట్టడం రూపం దాని అవసరం నుంచి, తర్కం నుంచి పుట్టాలన్నారు. మత్సోనీ వాళ్ళలో ఒకడు కాదు, రైల్వే ఉద్యోగి. 1934లో ఫ్యూచరిస్టు మారినెత్తితో కలిసి ఒక మేనిఫెస్టో మీద సంతకం కూడా పెట్టాడు. కానీ ఎవరూ తలెత్తి చూడని సర్వీసు కట్టడాలని అతనంత శ్రద్ధగా కట్టినవాళ్ళు తక్కువ. ఫ్లోరెన్స్ స్టేషన్ పక్కన అతను కట్టిన బాయిలర్ల భవనం చూడండి: ముదురు ఎరుపు గోడలు, వరసగా పొగగొట్టాలు, బయట ఇనుప మెట్లు. లోపల జరిగే పని బయటికే తెలిసిపోతుంది.

చిక్కల్లా మెస్సీనా రేవు స్టేషన్ హాల్లో ఉంది. అక్కడ మికేలే కషెల్లా చేసిన మొజాయిక్‌లో ముస్సోలినీ ఉన్నాడు. రైళ్ళు మారడానికి ఆ బొమ్మ అక్కర్లేదు. దాన్ని కోరుకున్నది ప్రభుత్వం, దానికి గోడ ఇచ్చింది మత్సోనీ. అతను ఫాసిస్టు, యుద్ధం తర్వాత కొలంబియా వెళ్ళిపోయి చాలా ఏళ్ళు అక్కడే గడిపాడు.

కోడ్ రాసేవాడిగా నాకిది పరాయి సమస్య అనిపించదు. మేమూ ‘అవసరం బట్టి డిజైన్’ అంటాం, ఆ అవసరం ఎవరిదని అరుదుగా అడుగుతాం. జలసంధి మీద వంతెన కట్టాలని దశాబ్దాలుగా ప్రయత్నాలు సాగుతున్నాయి. అది పూర్తయితే రైలు ఓడెక్కాల్సిన పని ఉండదు. అప్పుడు ఈ భవనాన్ని నిలబెట్టాలంటే అవసరమన్న వాదన చాలదు. నామట్టుకు, మొజాయిక్‌తో సహా ఉంచాలి. అది తీసేస్తే మిగిలేది మచ్చలేని హేతువు. అలాంటిది అక్కడ ఎప్పుడూ లేదు.