పిల్లుల మూత్ర ఇన్‌ఫెక్షన్లలో మందులకు లొంగని బ్యాక్టీరియా

ఇవి పెంపుడు పిల్లుల మూత్రకోశంలో చేరి యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులు. వీటిలో ముఖ్యమైనది ఈ.కోలై. దీనిలో కొన్ని రకాలు ఈఎస్‌బీఎల్ ఎంజైములతో పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులను నిర్వీర్యం చేస్తాయి. ఆ ఎంజైముల జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కల ద్వారా వేరే బ్యాక్టీరియాకూ పాకుతాయి. పిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని ముక్కినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ అనుకోరాదు. చిన్న వయసు పిల్లుల్లో చాలావరకు అది బ్యాక్టీరియా లేని వాపే, అక్కడ యాంటీబయాటిక్ దండగ. 10 ఏళ్లు దాటినవాటిలో, మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవాటిలో ఇన్‌ఫెక్షన్ ఎక్కువ. మూత్రాశయం నుంచి సూదితో తీసిన మూత్రాన్ని కల్చర్ చేయించి మందు ఎంచుకోవడం సరైన పద్ధతి. 2019 అంతర్జాతీయ మార్గదర్శకాలు మామూలు కేసుకు 3–5 రోజుల మందు చాలంటాయి. ఎన్‌రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మోతాదు మించితే పిల్లి చూపే పోవచ్చు. మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోతే అది ప్రాణాపాయం, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.