పార్కర్ జంటగొట్టాల తుపాకుల గ్రేడు గుర్తులు

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, మెరిడెన్ పట్టణంలో పార్కర్ బ్రదర్స్ తయారుచేసిన జంటగొట్టాల తుపాకీని చూడగానే చాలామంది దాని నగిషీని బట్టి గ్రేడు చెప్పేస్తారు. నగిషీ బలహీనమైన సాక్ష్యం. డబ్బిస్తే దాన్ని తర్వాత ఎవరైనా చెక్కించుకోవచ్చు. అసలైన మేలి పని అరిగిపోయి నాసిరకంగానూ కనిపించవచ్చు. గొట్టాలు విప్పాక యాక్షన్ (తుపాకీ యంత్రాంగం ఉండే భాగం) మీద బయటపడే చదునైన తలంపై ఉన్న ముద్రే గట్టి ఆధారం. అక్కడ 2 ఉంటే జి గ్రేడు, 3 డి, 4 సి, 5 బి, 6 ఎ, 7 డబుల్ ఎ, 8 ఎ-1 స్పెషల్. చౌకరకం వి మాత్రం అక్షరంతోనే తెలుస్తుంది. డిహెచ్‌ఇ అన్నప్పుడు డి ఒక్కటే గ్రేడు. హెచ్ అంటే సుత్తులు బయటికి కనబడనిది, ఇ అంటే కాల్చిన తూటా తొడుగును బయటికి విసిరే ఎజెక్టర్ ఉన్నది.

చిక్కల్లా గొట్టాల కింది కొక్కెం మీదా అంకె ఉండటమే. అది ఫ్రేము సైజు. అక్కడి 2ను చూసి జి గ్రేడు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ముద్రను కూడా మార్చవచ్చు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే మోసగాడు ముద్ర ఒక్కటీ మారిస్తే సరిపోదు: గొట్టాల మీద, యాక్షన్ మీద, ముందు చెక్క ఇనుము మీద వరుస సంఖ్య ఒకటే కావాలి, గొట్టాల ఉక్కు రకం ఆ గ్రేడుకు తగినదై ఉండాలి. పైగా 1934లో రెమింగ్టన్ సంస్థ కొన్న ఈ కర్మాగారపు పాత ఆర్డరు పుస్తకాల్లో మిగిలి ఉన్నవాటితోనూ ఆ సంఖ్యను సరిచూడవచ్చు.