కుండ తట్టి చూసినట్టు

సంతలో కుండ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూస్తాం. ఖంగుమంటే కొంటాం, మోగకపోతే ఎక్కడో పగులుందని పక్కన పెట్టేస్తాం. పగలగొట్టి చూసి కొనేవాళ్ళెవరూ ఉండరు కదా! నేలను కూడా అలాగే, తవ్వకుండా తట్టి చూడవచ్చునని చరిత్రకారులకు తట్టడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

1946లో ఇంగ్లండులో, థేమ్స్ నది ఒడ్డున డార్చెస్టర్ అనే ఊరి దగ్గర కంకర కోసం పొలాలు తవ్వేస్తున్నారు. అక్కడే వేల ఏళ్ళనాటి కందకాలు పూడిపోయి ఉన్నాయి. రిచర్డ్ అట్కిన్సన్ అనే పరిశోధకుడు నేలలో కడ్డీలు గుచ్చి కరెంటు పంపి చూశాడు. పూడిన కందకంలో మట్టి తేమగా ఉంటుంది, తేమ ఉన్నచోట కరెంటు సులువుగా పారుతుంది. తడిచేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని మనం పిల్లల్ని కేకలేసేది అందుకేగా! అలా పార పట్టకముందే కందకాల జాడ దొరికింది.

అసలు ముచ్చట 1958లో జరిగింది. పీటర్‌బరో దగ్గర వాటర్ న్యూటన్ అనే చోట పెద్ద రోడ్డును వెడల్పు చేయబోతున్నారు. రోమన్ల కాలంలో ఆ చుట్టుపక్కలంతా కుమ్మరుల సీమ. వేటకుక్కలు పరుగెత్తే బొమ్మల్ని పల్చని మట్టితో ముగ్గు పెట్టినట్టు దిద్దిన లోటాలకు పేరుపొందిన చోటు. రోడ్డు పడితే వాళ్ళ ఆవాలు దానికింద పోతాయి. ఎక్కడున్నాయో ఎలా తెలుసుకోవడం?

ఆక్స్‌ఫర్డ్ నుంచి మార్టిన్ ఎయిట్‌కెన్ ఒక కొత్త యంత్రం పట్టుకొచ్చాడు. అందులో ముఖ్యమైనది తీగ చుట్టిన సీసా. తీగలో కరెంటు పంపి ఆపగానే సీసాలోని ద్రవంలో ఉండే ప్రోటాన్లు బొంగరాల్లా ఊగుతాయి. ఆ ఊగే వేగాన్నిబట్టి అక్కడ అయస్కాంత శక్తి ఎంతో తెలుస్తుంది. యంత్రం దగ్గరికి ఇనుము రాకూడదు సుమా, పిన్నీసు ఉన్నా లెక్క తప్పుతుంది!

మట్టిలో కొద్దో గొప్పో ఇనుము ఉంటుంది. ఆవంలో ఎర్రగా కాలి చల్లారేటప్పుడు అది ఆనాటి భూమి అయస్కాంత శక్తిని తనలో నిలుపుకుంటుంది. మంట ఆరి పదహారు వందల ఏళ్ళు దాటినా ఆ మట్టి మరిచిపోలేదు. సీసా దాన్ని పసిగట్టింది, తవ్వితే ఆవం బయటపడింది. ఆవాలే కాదు, పూడిపోయిన చెత్తగుంటలు కూడా అలా తెలుస్తాయని తేలింది.

చెత్తగుంటలేమిటని తీసిపారేయకండి. రాజుగారి గొప్పలు రాళ్ళమీద చెక్కి ఉంటాయి. ఆ ఇంటి ఇల్లాలు ఏం వండిందో, ఏ గిన్నె పగిలితే పారేసిందో ఎవరు చెక్కిస్తారు? అదంతా ఉండేది ఆ గుంటల్లోనే. బుల్‌డోజరు ఒక్క పూటలో ఊడ్చిపారేసేదీ దాన్నే.

ఇంగ్లండులో 1990లో ప్రభుత్వం ఒక మార్గదర్శకం తెచ్చింది. కట్టడానికి అనుమతి ఇచ్చేముందే కింద ఏముందో చూసుకోవాలన్నది దాని సారం. యంత్రం అన్నీ చెప్పదు లెండి. అది చూపించిన మచ్చ ఆవమో, ఎవరో పారేసిన ఇనుపముక్కో తవ్వితేగాని తెలియదు. కాని ఎక్కడ తవ్వాలో, ఎక్కడ ఆగాలో చెబుతుంది.

మన ఊళ్ళలోనూ పాటిదిబ్బలున్నాయి. చిన్నప్పుడు వాటిమీద పెంకులు ఏరుకుని తొక్కుడుబిళ్ళ ఆడుకున్నవాళ్ళు మనలో ఎందరో! అలాంటి దిబ్బమీద ప్లాట్లకు రాళ్ళు పాతుతుంటే, కాస్త ఆగి తట్టి చూడమని ఒక్క మాట చెబుదాం. కుండకు చేసే మర్యాద దాన్ని చేసినవాళ్ళ ఇంటికీ చెయ్యొద్దూ?